సగం ట్యాంకు దాటితే ఆగిపోయే లారీ: డీజిల్ లైన్‌లో గాలి ఎక్కడ పడుతోందో దొరికిన కేసు

పది టైర్ల లారీ, ఆరు సిలిండర్ల కామన్ రైల్ ఇంజిన్ (హై ప్రెషర్ పంపు డీజిల్‌ను రైల్ అనే ఒకే గొట్టంలోకి నొక్కితే, అక్కణ్నుంచి అన్ని ఇంజెక్టర్లకూ పోయే రకం), 300 లీటర్ల ట్యాంకు. ఫిర్యాదు ఒక్కటే. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి బండి లాగడం మానేస్తుంది. ఇంజిన్ హంటింగ్ కొడుతుంది, అంటే వేగం పైకీ కిందికీ ఊగుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. హ్యాండ్ పంపు అరవై డెబ్భై సార్లు కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, చిన్న గేరులో నెమ్మదిగా పోతే నడుస్తుంది. మర్నాడు చూస్తే అసలేమీ జరగనట్టే ఉంటుంది.

మూడు వారాలుగా ఇదే వరస. నా దగ్గరికి వచ్చేసరికి డీజిల్ ఫిల్టర్లు రెండుసార్లు మార్చారు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు కొత్తది వేశారు. రైల్ ప్రెషర్ సెన్సర్ మార్చారు. ఆరు ఇంజెక్టర్లూ విప్పి టెస్ట్ బెంచ్ మీద చూసి, అన్నీ బాగున్నాయని మళ్లీ బిగించారు. తీసిన పాత సామాను అంతా డ్రైవర్ ఒక అట్టపెట్టెలో వేసుకుని క్యాబిన్‌లో పెట్టుకు తిరుగుతున్నాడు. ఆ పెట్టె కిందికి దించుతూ, "అన్నా, ఇంకేం మార్చాలో చెప్పు, మారుద్దాం. దారిలో మాత్రం ఆగకూడదు" అన్నాడు. ఎత్తు మీద, వెనక బళ్లు వరసగా ఉండగా లోడు బండి ఇంజిన్ ఆగితే ఏమవుతుందో అనుభవించినవాడి మాట అది. స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగిపోతుంది, ఇక ట్యాంకుల్లో మిగిలిన గాలే దిక్కు. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను, మొదటిసారి నేను తప్పిన చోటుతో సహా.

మొదటి రోజు

స్కానర్ పెడితే మెమరీలో ఎస్‌పీఎన్ 157, ఎఫ్‌ఎంఐ 18 అనే ఎర్రర్ కోడ్ ఉంది. రైల్ ప్రెషర్ ఉండాల్సినదాని కంటే తక్కువగా ఉందని దాని అర్థం. ఈ కోడ్ చూడగానే చెయ్యి నేరుగా సెన్సర్ మీదికో హై ప్రెషర్ పంపు మీదికో పోతుంది. ఈ బండికి అంతకుముందు జరిగింది అదే. కానీ ఆ కోడ్ చెప్పేది జరిగిన సంగతి మాత్రమే, ఎందుకు జరిగిందో కాదు. పంపుకు సరిపడా డీజిల్ అందకపోయినా ఆ కోడే వస్తుంది, డీజిల్‌తో పాటు గాలి అందినా ఆ కోడే వస్తుంది.

హ్యాండ్ పంపు కొడితే బండి మళ్లీ నడుస్తోందన్న మాట నాకు కోడ్ కంటే ఎక్కువ చెప్పింది. సెన్సర్ పాడైతే హ్యాండ్ పంపు కొట్టినంత మాత్రాన బాగుపడదు. ఇంజెక్టర్ల నుంచి రిటర్న్ (వాడగా మిగిలి ట్యాంకుకు తిరిగిపోయే డీజిల్) ఎక్కువగా పోతున్నా బాగుపడదు. లైన్‌లో గాలి చేరి, ఆ గాలి వెళ్లిపోతే నడుస్తోందంటే దోషం డీజిల్ వచ్చే దారిలో ఉంది.

ఆ దారిలో రెండు భాగాలు ఉంటాయి, వాటి స్వభావం ఒకటి కాదు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైన్‌లో పంపు డీజిల్‌ను పీల్చుకుంటుంది. అక్కడ పైపు లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువ. ఆ భాగంలో సన్నని నెర్ర ఉంటే ఇంజిన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, బయటి గాలే లోపలికి పోతుంది. ఫీడ్ పంపు దాటాక ఒత్తిడి పెరుగుతుంది, అక్కడ లీకుంటే డీజిల్ చెమ్మ పైకి కనిపిస్తుంది. కాబట్టి టార్చిలైటు పట్టుకుని తడి ఎక్కడుందా అని వెతికితే గాలి పడే చోటు దొరకదు. పొడిగా, శుభ్రంగా కనిపించే జాయింటే దొంగ కావచ్చు.

గాలి కొంచెమే కదా అనుకోవడానికి లేదు. డీజిల్ ఒత్తిడికి దాదాపు కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. హై ప్రెషర్ పంపు ప్లంజర్ తోసే తోపంతా ఆ బుడగను నలపడానికే ఖర్చయిపోతే, లోడు మీద 1,600 బార్లు కావాల్సిన రైల్‌లో అది లేవదు. పైగా ఈ పంపులకు డీజిలే కందెన. డీజిల్‌లో గాలి కలిసిన కొద్దీ లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. అలా అరిగిన పొడి రైల్‌లోకి, ఇంజెక్టర్లలోకి పోతే చిన్న లీకుతో మొదలైనది మొత్తం సిస్టమ్ మార్చేదాకా వస్తుంది. ఈ కారణంగానే, పాతగా తీసిన ఫిల్టర్ ఒకటి ఆ అట్టపెట్టెలో దొరికితే ముందు దాన్నే కోసి చూశాను. కాగితం మడతలు విప్పి ఎండలో పక్కకి వాల్చి చూస్తే లోహం మెరుపు ఉందో లేదో తెలుస్తుంది. మెరుపు లేదు. అప్పటిదాకా పంపు బాగానే ఉందన్నమాట. అది చూశాకే నాకు టెన్షన్ తగ్గింది.

తర్వాత డీజిల్‌లోంచి నీళ్లు వేరు చేసే వాటర్ సెపరేటర్‌కూ ఫీడ్ పంపుకూ మధ్య డీజిల్‌కు తట్టుకునే పారదర్శక గొట్టం ముక్క ఒకటి పెట్టాను. మూరెడు ముక్క చాలు, టర్బోకీ సైలెన్సర్‌కీ దూరంగా కట్టాలి. పరీక్ష అయ్యాక తీసేయాలి, దానితో బండి రోడ్డెక్కకూడదు. ఐడ్లింగ్‌లో గొట్టంలో ఏమీ లేదు. రేజింగ్ 2,000 ఆర్‌పీఎంకు తీసుకెళ్తే పూసల్లా సన్నని బుడగలు ఒక్క వరసలో పోతున్నాయి. దొరికిందనుకున్నాను. సెపరేటర్ అడుగున నీళ్లు వదిలే వాల్వు విప్పితే దాని ఓ రింగ్ ఒక పక్క తెగి ఉంది. కొత్తది వేశాను, బుడగలు పోయాయి. నలభై కిలోమీటర్లు తిప్పి చూశాం, ఎక్కడా తగ్గలేదు. బండి పంపించేశాను.

ఆ రోజు రెండు సంగతులు నా ఎదురుగా ఉన్నాయి, రెండూ వదిలేశాను. మొదటిది, ట్యాంకు నిండుగా ఉంది. దారిలో ఆగుతుందన్న భయంతో డ్రైవర్ వచ్చేముందు నింపుకొచ్చాడు. "ఫుల్ చేస్తే రెండు రోజులు బాగుంటది అన్నా" అని కూడా అన్నాడు. విన్నాను కానీ పట్టించుకోలేదు. రెండోది, సెపరేటర్‌కు ముందు లైన్‌లో కంపెనీ నుంచి రాని నాన్ రిటర్న్ వాల్వు (డీజిల్‌ను వెనక్కి పోనివ్వనిది) ఒకటి కనిపించింది. అడిగితే, "పొద్దున స్టార్టింగ్ లేటవుతోందని నెల కిందట పెట్టించాం, అప్పటినుంచి సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది" అన్నాడు. సరే అనుకుని దాన్నీ అలాగే ఉంచాను.

నాలుగు రోజులకు ఫోన్

నాలుగో రోజు సాయంత్రం ఫోన్. అదే ఎత్తు, అదే లోడు, అదే తీరు. బాధేసింది. మనిషి నన్ను నమ్మి లోడు ఎత్తుకుని వెళ్లాడు.

ఈసారి విప్పడానికి ముందు కూర్చుని అడిగాను. ఆగినప్పుడు డీజిల్ ముల్లు ఎక్కడుంది? "సగానికి కాస్త కింద. ప్రతిసారీ అక్కడికి వస్తేనే భయమేస్తది. అందుకే కదా అన్నా మొన్న చెప్పింది, ఫుల్ చేస్తే బాగుంటదని." డీజిల్ పుస్తకం ఉందా అని అడిగితే తీసిచ్చాడు. ఎప్పుడు ఎంత కొట్టించిందీ, మీటర్ ఎంత ఉందీ చక్కగా రాసుకున్నాడు. ఆగిన రోజుల పక్కన చిన్న అడ్డగీత కూడా పెట్టాడు. ఆ గీతలు ఆరు. ట్యాంకు ఫుల్ చేసిన దగ్గర్నుంచి ఆగిన చోటికి కిలోమీటర్లు లెక్కేస్తే 540, 525, 560, 535, 520, 550. మధ్యలో ఒక వారం అసలు ఆగలేదు, ఆ వారమంతా దగ్గర ట్రిప్పులు కావడంతో రోజూ సాయంత్రం నింపేశాడు.

లోడుతో ఈ బండి లీటరుకు 3.2 కిలోమీటర్లు ఇస్తుంది. అంటే ప్రతిసారీ 162 నుంచి 175 లీటర్లు ఖర్చయ్యాకే ఆగింది. ట్యాంకులో అప్పటికి మిగిలింది 125 నుంచి 138 లీటర్లు. ట్యాంకు పెట్టె ఆకారంలో, 60 సెంటీమీటర్ల లోతుతో ఉంది, అంటే సెంటీమీటరుకు 5 లీటర్లు. మట్టం అడుగు నుంచి 25, 27 సెంటీమీటర్ల మధ్యకు దిగినప్పుడల్లా బండి ఆగుతోంది. ఇది గాలివాటంగా వచ్చే దోషం కాదు. లెక్క ప్రకారం వస్తోంది.

మట్టం తగ్గేకొద్దీ గాలి పడటానికి రెండు రకాల కారణాలు ఉండొచ్చు. మొదటిది, లైన్‌లో ఎక్కడో చిన్న లీకు ఉండి, మట్టం దిగేకొద్దీ పంపు మరింత గట్టిగా పీల్చాల్సి రావడంతో ఆ లీకు ఎక్కువవడం. ఒక మీటరు ఎత్తు డీజిల్‌కు దాదాపు 80 మిల్లీబార్ల ఒత్తిడి ఉంటుంది. ట్యాంకు నిండు నుంచి సగానికి దిగితే ఆ తేడా పాతిక మిల్లీబార్లు కూడా ఉండదు. లీకు దీనివల్ల పెరిగితే మెల్లమెల్లగా పెరగాలి. ముప్పావు దగ్గర కొంచెం, సగం దగ్గర ఇంకొంచెం. రెండోది, ట్యాంకు లోపల డీజిల్ పీల్చే సక్షన్ పైపుకే మధ్యలో పగులు ఉండటం. పగులు డీజిల్‌లో మునిగి ఉన్నంతసేపూ అందులోంచి కూడా డీజిలే పోతుంది, ఎవరికీ తెలియదు. మట్టం దానికి కిందకి దిగిన క్షణం నుంచి అందులోంచి గాలి పోతుంది. ఇది మెల్లగా రాదు, గీత గీసినట్టు ఒక మట్టం దగ్గరే మొదలవుతుంది. పుస్తకంలో ఉన్నది గీత గీసినట్టే ఉంది. అయినా ముందే పైపు విప్పి చూడలేదు. మొదటిసారి తొందరపడి పొరబడ్డాను కాబట్టి ఈసారి ఒక్కో భాగాన్నీ పక్కకు తప్పిస్తూ వచ్చాను.

వెతుకులాట

ముందుగా ఆ నాన్ రిటర్న్ వాల్వు తీసేశాను. ఇలాంటి వాల్వులు పెట్టడం నాకు ఇష్టం ఉండదు, కారణం ఈ బండే. రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు లైన్‌లో ఎక్కడైనా గాలి దూరే సందు ఉంటే, పైపులో డీజిల్ తన బరువుకు తానే వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొడితే ఖాళీ పైపు నిండేదాకా స్టార్ట్ కాదు. అది బండి మనకు చెప్పే మొదటి మాట. వాల్వు పెడితే దాని తర్వాతి డీజిల్ వెనక్కి జారదు, పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది, సందు మాత్రం అలాగే ఉంటుంది. ఈ బండి నెల కిందటే చెప్పింది, ఆ నోరు మూసేశారు. పైగా ఆ వాల్వు పీల్పుకు ఇంకో అడ్డంకి.

తర్వాత ట్యాంకులోంచి 180 లీటర్లు శుభ్రమైన డ్రమ్ముల్లోకి తోడించాను. చెక్క స్కేలు ముంచి చూస్తే మట్టం 24 సెంటీమీటర్లు. తోడకముందే పారదర్శక గొట్టం మళ్లీ పెట్టి, సెపరేటర్ ఇన్‌లెట్ దగ్గర వాక్యూమ్ గేజ్ కూడా కలిపి ఉంచాను. గేజ్ ఎందుకంటే, లీకు లేకపోయినా బుడగలు రావచ్చు. డీజిల్‌లో మామూలుగానే దాని పరిమాణంలో దాదాపు పదో వంతు గాలి కరిగి ఉంటుంది. జాలీలో చెత్త పడో, పైపు నొక్కుకుపోయో, ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయో పంపు మరీ గట్టిగా పీల్చాల్సి వస్తే, సోడా సీసా మూత తీసినట్టు ఆ కరిగిన గాలే బుడగలై బయటపడుతుంది. అప్పుడు లీకు కోసం వెతకడం వృథా, అడ్డంకి కోసం వెతకాలి. రెండింటినీ వేరు చేసేది గేజే. మొదటి డ్రమ్ము తోడకముందు, నిండు ట్యాంకుతో 2,000 ఆర్‌పీఎం దగ్గర 95 మిల్లీబార్లు చూపించింది. ట్యాంకు సగానికి వచ్చినప్పుడు 120. మట్టం దిగినంత మేరకే పెరిగింది, కాబట్టి అడ్డంకి ఏమీ లేదు. 24 సెంటీమీటర్ల దగ్గర మాత్రం ముల్లు 120 దాటాల్సింది పోయి, వణుకుతూ 90 కిందకి పడిపోయింది. పీల్పు తగ్గిందంటే ఆ లోటును ఎక్కడి నుంచో గాలి పూడుస్తోంది.

అదే సమయంలో గొట్టంలో చూస్తే, ఐడ్లింగ్‌లో రెండు మూడు సెకన్లకొకటి చిక్కుడు గింజంత బుడగ. రేజింగ్ ఇస్తే డీజిల్ రంగే మారి తెల్లగా నురగలా పోతోంది. లోడు మీద ఇంజిన్ ఎందుకు చచ్చిపోతోందో, నెమ్మదిగా పోతే ఎందుకు నడుస్తోందో ఆ గొట్టం పక్కన నిలబడి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. తక్కువ డీజిల్ లాగితే పీల్పు తక్కువ, పగులులోంచి వచ్చే గాలీ తక్కువ, ఆ కొంచెం గాలి రిటర్న్‌లో వెళ్లిపోతుంది.

ఇక ట్యాంకును పూర్తిగా తప్పించాను. ఇరవై లీటర్ల శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, కొత్త గొట్టంతో నేరుగా సెపరేటర్‌కు ఇచ్చాను. రిటర్న్ పైపునూ అదే డబ్బాలోకి తిప్పి, మొన డీజిల్‌లో మునిగేలా కట్టాను. పైనుంచి పడితే అదే నురగ చేసి మనల్ని మోసం చేస్తుంది. అరగంట నడిపాను, అన్ని రేజింగుల మీదా. ఒక్క బుడగ లేదు. దీంతో రెండు సంగతులు తేలాయి. సెపరేటర్, ఫిల్టర్, ఫీడ్ పంపు వీటిలో దోషం లేదు. రిటర్న్‌లో కూడా బుడగల్లేవు కాబట్టి ఇంజెక్టర్ అడుగు వాషర్ల దగ్గర్నుంచి సిలిండర్ గ్యాస్ డీజిల్‌లోకి రావడం లేదు. కొన్ని ఇంజిన్లలో అలా వస్తుంది, అప్పుడు సక్షన్ వైపు ఎంత వెతికినా ఏమీ దొరకదు.

డబ్బా తీసి, ట్యాంకు మీద పైపులు కలిసే యూనియన్ నుంచి సెపరేటర్ దాకా ఛాసిస్ లైన్ బదులు కొత్త గొట్టం కలిపాను. బుడగలు తిరిగొచ్చాయి. ఛాసిస్ వెంబడి పోయే పైపు, దాని కప్లింగులు, క్లిప్పులు అన్నీ నిర్దోషులు. మిగిలింది ట్యాంకు మీది యూనియన్ జాయింటు, ట్యాంకు లోపలి పైపు. ఈ రెంటినీ వేరు చేయడం సులభం. యూనియన్ ట్యాంకు పైన ఉంటుంది, ఎంత నింపినా మునగదు. లీకు అక్కడే ఉంటే రేజింగ్ ఇచ్చినప్పుడు నిండు ట్యాంకుతో కూడా ఎంతో కొంత గాలి కనిపించాలి.

డ్రమ్ములోంచి ఐదేసి లీటర్లు ట్యాంకులో పోస్తూ, పోసిన ప్రతిసారీ స్కేలు ముంచి, నురగ అణిగేదాకా ఆగి, 2,000 ఆర్‌పీఎంలో గొట్టం చూశాను. 25 దగ్గర నురగ. 26 నురగ. 27, 28 దగ్గర కూడా తగ్గలేదు. డ్రైవర్ నా పక్కనే గొట్టం మీద చూపు తిప్పకుండా కూర్చున్నాడు. 29 దగ్గరికి రాగానే నాలుగైదు సెకన్లలో గొట్టం తేటపడిపోయింది. లోపలి డీజిల్ కదులుతోందో లేదో తెలియనంత తేట. ఐదు లీటర్లు మళ్లీ వెనక్కి తోడాం, నురగ. మళ్లీ పోశాం, తేట. రెండుసార్లు అలాగే చేశాం. "మీటర్ కంటే కరెక్టుగా చెబుతోంది కదన్నా" అన్నాడు డ్రైవర్.

పగులు

సక్షన్ యూనిట్ పైకి తీశాను. మట్టి లోపల పడకుండా చుట్టుపక్కల ముందే తుడిచాం. పైపు పొడవు 57 సెంటీమీటర్లు, దాని మొన ట్యాంకు అడుగుకు 3 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. సక్షన్ పైపునూ రిటర్న్ పైపునూ కలిపి పట్టుకునే చిన్న రేకు పట్టీ ఒకటి మధ్యలో బ్రేజింగ్ చేసి (లోహం కరిగించి పోసి అతికి) ఉంది. తుడిచి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసినా ఏమీ కనిపించలేదు. గోరుతో గీరినా తగల్లేదు. విప్పి చూడటంతోనే మొదలుపెట్టి ఉంటే పైపు బాగుందని తిరిగి బిగించేవాణ్ని.

కింది మొనకు రబ్బరు బిరడా బిగించి, పైపును డీజిల్ బకెట్లో ముంచి, పైనుంచి రెగ్యులేటర్‌తో 0.2 బార్ గాలి మాత్రమే ఇచ్చాను. పట్టీ అంచున, బ్రేజింగ్ ముగిసే చోట, వెంట్రుక మందాన బుడగల తెర ఒకటి లేచింది. పైపును కొంచెం వంచితే తెర వెడల్పయింది, వదిలితే సన్నబడింది. పగులు చుట్టుకొలతలో దాదాపు సగం తిరిగింది. కింది మొన నుంచి దాని దూరం కొలిస్తే 26 సెంటీమీటర్లు. అడుగున ఉన్న 3 కలిపితే 29.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఈ పరీక్షను పైపు బయటికి తీసి చేయాలి. సక్షన్ లైన్‌ను గాలితో పరీక్షించడం మంచి పద్ధతే, గాలి ఇస్తే లీకు దగ్గర డీజిల్ చెమ్మో సబ్బు నురగో కనిపిస్తుంది. కానీ కంప్రెసర్ గొట్టం తెచ్చి నేరుగా ట్యాంకుకు పెట్టేవాళ్లను చూశాను. పలచటి రేకు ట్యాంకు అంత ఒత్తిడికి ఉబ్బుతుంది, అతుకులు విచ్చుకుంటాయి, ఎదురుగా ఉన్న మనిషికి ప్రమాదం.

పగులు ఎందుకొచ్చిందన్నది పగులు దొరకడమంత ముఖ్యం, లేకపోతే కొత్త పైపూ అక్కడే విరుగుతుంది. ట్యాంకును పట్టుకునే రెండు ఇనుప బెల్టుల్లో ఒకదాని కింద రబ్బరు పట్టీ లేదు, బెల్టు వదులైంది. ట్యాంకు చేత్తో తోస్తేనే కదిలింది. గతుకుల్లో ట్యాంకు ఊగినప్పుడల్లా లోపల వేలాడే ఆ పొడవాటి పైపు పట్టీ దగ్గర వంగుతోంది. బ్రేజింగ్ అంచు దగ్గర లోహం మీద బరువంతా ఒకే గీతలో పడుతుంది, రోజూ అలా వంగి వంగి అక్కడే నెర్ర ఇచ్చింది. అందుకే దాన్ని మళ్లీ బ్రేజింగ్ చేయించడానికి ఒప్పుకోలేదు. అతుకు పక్కనే కొత్త అంచు తయారవుతుంది, కొన్ని నెలలకు అక్కడ విరుగుతుంది. సక్షన్ యూనిట్ కొత్తది వేశాను. రెండు బెల్టులకూ కొత్త రబ్బరు పెట్టి బిగించాను. యూనియన్ దగ్గరి రాగి వాషర్లు, కప్లింగుల ఓ రింగులు కూడా మార్చాను, ఒకసారి నొక్కుకుపోయిన వాషర్‌ను నమ్మకూడదు.

మొదటి రోజు దొరికిన ఓ రింగ్ సంగతి. అది నిజమైన లీకే, చిన్నది. రెండు లీకులున్న బండిలో చిన్నది ముందు దొరికింది, అది పోగానే గొట్టం తేటపడింది. ట్యాంకు నిండుగా ఉండటంతో పెద్దది ఆ సమయంలో మునిగి ఉంది. నేను చేసిన రోడ్డు టెస్టుకు ఆ రకంగా విలువే లేదు. నలభై కిలోమీటర్లకు ఖర్చయ్యేది పన్నెండు, పదమూడు లీటర్లు, దోషం బయటపడాలంటే 160 దాటాలి.

ఎయిర్ తీయడం

హ్యాండ్ పంపు కొట్టాం. దాదాపు తొంభై సార్లకు చేతికి గట్టిగా తగిలింది. ఫిల్టర్ పైన ఉన్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా చూసి, స్క్రూ బిగించి, ఇంకో పదిసార్లు కొట్టాం. సెల్ఫ్ పది సెకన్లకు మించి ఒక్క బిగిన కొట్టలేదు, మధ్యలో రెండు నిమిషాలు ఆగాం. రెండోసారికి స్టార్ట్ అయింది.

పాత ఇన్‌లైన్ పంపుల మీద పని నేర్చుకున్నవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, ఇంజెక్టర్ దగ్గర నట్టు వదులు చేసి సెల్ఫ్ కొడుతూ గాలి తీయడం. కామన్ రైల్ మీద అది చేయొద్దని బతిమాలి చెబుతున్నాను. ఇంజిన్ అందుకున్న క్షణం అక్కడ వందల బార్ల ఒత్తిడి ఉంటుంది. సూది మొనంత ధార చర్మాన్ని చీల్చి లోపలికి డీజిల్ ఎక్కిస్తుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా వెంటనే ఉండకపోవచ్చు, కానీ లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, హై ప్రెషర్ డీజిల్ చర్మంలోకి పోయిందని ఆ మాటలతోనే చెప్పాలి. కామన్ రైల్‌లో గాలి తీయాల్సింది తక్కువ ఒత్తిడి వైపే. అక్కడ సరిగా తీస్తే మిగిలినది రిటర్న్‌లో దానంతట అదే పోతుంది. కొత్త ఫిల్టర్‌లో డబ్బాతో డీజిల్ పోసి బిగించడం కూడా ఇలాంటి అలవాటే. మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడపోత లేకుండా నేరుగా పంపుకు వెళ్తుంది. ఖాళీగా బిగించి హ్యాండ్ పంపుతో నింపడం కాస్త ఆలస్యం, అంతే.

పారదర్శక గొట్టం తీసేసి అసలు పైపు కలిపాక, ఈసారి ట్యాంకులో కావాలని 60 లీటర్లే ఉంచాను. మట్టం 12 సెంటీమీటర్లు. లోడు దించకుండా, ఎప్పుడూ ఆగే ఎత్తు మీదికే స్కానర్ కలిపి తీసుకెళ్లాం. కావాల్సిన రైల్ ప్రెషర్ 1,600 బార్లకు లేచినప్పుడు అసలు ప్రెషర్ దాన్ని అంటిపెట్టుకునే వెళ్లింది, తేడా 30 బార్లు దాటలేదు. పైకి చేరాక డ్రైవర్ బండి పక్కకు ఆపి, ముల్లు ఒకసారి చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంకో రౌండు వేద్దామని సైగ చేశాడు. వేశాం.

నాన్ రిటర్న్ వాల్వు లేకుండా రాత్రంతా ఆపి, పొద్దున నేనే సెల్ఫ్ కొట్టాను. వెంటనే అందుకుంది. అనవసరంగా మార్చిన పాత ఫీడ్ పంపును డబ్బా మీద పెట్టి పరీక్షిస్తే అదీ బాగానే లాగింది, స్పేర్‌గా ఉంచుకోమని శుభ్రం చేసి పెట్టెలో పెట్టిచ్చాను.

రెండు నెలల తర్వాత ఫిల్టర్ మార్పుకు వచ్చినప్పుడు తీసిన ఫిల్టర్‌ను మళ్లీ కోసి చూశాను, మెరుపు లేదు. ట్యాంకు బెల్టులు బిగువుగానే ఉన్నాయి. డీజిల్ పుస్తకం అడిగి చూశాను. ఫుల్ ట్యాంకు మీద ఎక్కువలో ఎక్కువ 790 కిలోమీటర్లు తిప్పాడు, అడ్డగీతలు ఎక్కడా లేవు.